కుక్కరు మూతా, కారు మూతా

రోహిణి కార్తె వచ్చిందంటే మా నెల్లూరు వైపు ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట వెంకటాచలం టోల్‌గేటు దగ్గర్నుంచి మనుబోలు దాకా హైవే మీద పోయి చూడండి. రోడ్డు వారగా ఎక్కడో ఒకచోట బానెట్టు ఎత్తి నిలబెట్టిన కారు కనబడక మానదు. ఇంటాయన లోపలికి తొంగి చూస్తుంటాడు. ఆవిడ పిల్లల్ని పట్టుకుని, పులిహోర సంచీతో తుమ్మచెట్టు నీడన నిలబడి ఉంటుంది. ఇంజను మీంచి తెల్లగా పొగలాంటిది లేస్తుంటుంది. అది పొగ కాదు, ఆవిరి. ఆ కంగారులో ఆయన చెయ్యి ముందుగా వెళ్లేది రేడియేటరు మూత మీదికే. ఈ వారం మన కబుర్లు ఆ మూత గురించి.

వంటల పేజీ పక్కన కారు సంగతులేమిటండీ అని కొందరికి అనిపించవచ్చు. ఆవిరి సంగతి మనకు తెలిసినంతగా ఇంట్లో ఇంకెవరికి తెలుసు, చెప్పండి? రోజూ పొద్దున్నే దానితోనే కదా మన పని. పైగా ఇప్పుడు స్టీరింగు పట్టే ఆడవాళ్లు తక్కువేం లేరు. స్కూలు దగ్గర దింపడం, గొలగమూడి ఆశ్రమానికో కసుమూరు దర్గాకో పెద్దవాళ్లను తీసుకెళ్లడం, అన్నీ వాళ్లే చేసుకుంటున్నారు. నడపని వాళ్లు కూడా పక్క సీట్లో కూర్చుంటారు, వాళ్ల కళ్లు ఖాళీగానే ఉంటాయి.

కుక్కర్లో పప్పు పెట్టి మూత బిగించి వెయిటు పెడతాం. ఆవిరి బయటికి పోలేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కర్లో ఆ ఒత్తిడి వల్ల దాదాపు 120 డిగ్రీల దాకా పోతే గానీ మరగవు. అందుకే కందిపప్పు మూడు నాలుగు విజిల్స్‌కి మెత్తబడుతుంది. కారు రేడియేటరు మూత చేసే పని కూడా ఇదే. దాని లోపల ఒక స్ప్రింగు, ఒక రబ్బరు రింగు ఉంటాయి. స్ప్రింగు మన వెయిటు లాంటిది. చాలా మూతల మీద 0.9 అనో 1.1 అనో అంకె వేసి ఉంటుంది, ఎంత ఒత్తిడి దాకా ఆపుతుందో చెప్పే లెక్క అది. మన కుక్కరు వెయిటు ఆపే ఒత్తిడి కూడా ఇంచుమించు అంతే. అంటే ప్రతి కారు బానెట్టు కింద ఒక కుక్కరు ఉందన్నమాట, కాకపోతే అందులో పప్పు బదులు కూలెంటు కలిపిన నీళ్లు ఉంటాయి.

ఒత్తిడి ఉన్నంతసేపూ 110 డిగ్రీల వేడిలో కూడా ఆ నీళ్లు మరగకుండా నీళ్లలాగే ఉంటాయి. మూత తిప్పిన క్షణాన ఒత్తిడి పోతుంది. కొంత నీరు ఒక్కసారిగా ఆవిరైపోయి, మిగతా నీళ్లను కూడా తోసుకుంటూ పైకి చిమ్ముతుంది. ఆ సమయంలో మనిషి ఎక్కడుంటాడు? సరిగ్గా మూత మీదికి వంగి ఉంటాడు. ముఖం, మెడ, చేతులు ఒక్కసారే కాలతాయి. కొన్ని కుక్కర్లకు లోపలికి బిగుసుకునే మూత ఉంటుంది చూడండి, ఆవిరి ఉన్నంతసేపూ మనం లాగినా అది రాదు. కారు మూతకు అంత తెలివి లేదు. తిప్పితే వచ్చేస్తుంది.

ఇంతకీ ఇంత వేడి ఎక్కడిది? పెట్రోలు కాలినప్పుడు పుట్టే వేడిలో సుమారు మూడో వంతే బండిని నడిపిస్తుంది. ఇంకో మూడో వంతు సైలెన్సరు గుండా బయటికి పోతుంది. మిగిలినదాన్ని ఇంజను చుట్టూ తిరిగే నీళ్లు మోసుకొచ్చి ముందున్న రేడియేటరులో గాలికి అప్పజెప్పాలి. మధ్యలో థర్మోస్టాట్ అని చిన్న తలుపు లాంటిది ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడి 80, 90 డిగ్రీల మధ్యకు వచ్చాక తెరుచుకుంటుంది. బండి పరిగెడుతుంటే ఎదురుగాలి రేడియేటరుకు తగులుతుంది. ఆగి ఉంటే ఫ్యాను ఒక్కటే దిక్కు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్‌గేట్ల దగ్గర ఆగడం తగ్గింది గానీ, కృష్ణపట్నం పోర్టు లారీల వెనక ఇరుక్కుంటే ఇప్పటికీ పావుగంట కదలని రోజులున్నాయి. అప్పుడు ఏసీ కూడా నడుస్తుంటే, ఆ ఏసీ వేడి కూడా రేడియేటరు ముందే వచ్చి పడుతుంది. ఫ్యాను మోటారు సరిగా లేకపోయినా, నీళ్లు తగ్గినా, పైపు చీలినా, రేడియేటరు సందుల్లో వరికోతల నాటి పొట్టు, పురుగులు పేరుకుపోయినా సరే, వేడి పోయే దారి మూసుకుపోయినట్టే.

సంగతి ముందే తెలుసుకోవచ్చు. కొన్ని కార్లలో స్పీడు చూపించే చోటే చిన్న ముల్లు ఉంటుంది, ఒక కొన సి, ఒక కొన హెచ్. ముల్లు మధ్యలో ఉంటే మంచిది. హెచ్ వైపు జరుగుతోందంటే గమనించాల్సిందే. ముల్లు లేని కార్లలో థర్మామీటరు బొమ్మతో దీపం వెలుగుతుంది. పొద్దున్నే నీలం రంగులో వెలిగితే ఇంజను ఇంకా చల్లగా ఉందని, కాసేపటికి అదే ఆరిపోతుంది. ఎరుపు వెలిగితే మాత్రం ఆగాలి. దీపాల కంటే ముందు ముక్కు కూడా చెబుతుంది. లోపల ఒక తియ్యటి వాసన, పాకం మాడబోతున్నప్పటి వాసనలా వస్తే కూలెంటు ఎక్కడో కారుతున్నట్టు.

ఇక్కడే అసలు గొడవ.

"ఏమండీ, ముల్లు పైకి పోతోంది."

"మనుబోలు దాటితే గూడూరేగా, అక్కడ షెడ్డు ఉంది, అక్కడ చూపిద్దాం."

ఈ మాట వినని ఇల్లాలు ఉండదు. గూడూరు దాకా పోతే చాలాసార్లు ఇంజను పోతుంది. వేడికి ఇంజను పైభాగం వంగిపోయి, మధ్యనున్న గ్యాస్కెట్టు కాలిపోతే ఖర్చు వేలల్లో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువలో ఉంటుంది. కాబట్టి ఆ ఒక్కసారికి మన మాటే నెగ్గాలి. గట్టిగానే చెప్పండి, తరవాత కాఫీ ఇచ్చి సర్దుకోవచ్చు.

ముందు ఏసీ ఆపి అద్దాలు దించండి. ఆ తరవాత వినడానికి విచిత్రంగా ఉండే పని ఒకటుంది: హీటరు పూర్తిగా వేడి వైపు తిప్పి, బ్లోయరు ఫుల్లుగా పెట్టడం. ఇంత ఎండలో హీటరా అని నవ్వకండి. హీటరంటే డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటరే. ఇంజను నీళ్లే అందులోనూ తిరుగుతాయి. బ్లోయరు ఆ వేడిని లాగి మన కాళ్ల మీద పోస్తుంది. మనకు ఉక్కబోత, ఇంజనుకు ఊరట. రోడ్డు పక్కన మంచి చోటు దొరికే దాకా ఆ కొద్ది నిమిషాలు గడవడానికే ఈ ఉపాయం, ఊరు చేరడానికి మాత్రం కాదు. హీటరు పెట్టినా చల్లగాలే వస్తోందంటే మరీ జాగ్రత్త. లోపల నీళ్లే లేవన్నమాట. అప్పుడు ముల్లు కిందికి పడిపోయినా నమ్మకూడదు, ఎందుకంటే వేడి కొలిచే పరికరానికి నీరు తగలకపోతే అది తప్పు చెబుతుంది.

ఎడమ పక్కకు తీసి ఆపి, ఇంజను ఆఫ్ చేసి, నాలుగు దీపాలూ మినుకుమనేలా పెట్టండి. అందరూ ఎడమవైపు తలుపుల్లోంచే దిగాలి. హైవే మీద ఇనుప రెయిలింగు ఉంటే దానికి అవతల నిలబడాలి. కారు ముందో వెనకో నిలబడకూడదు. లారీలు అక్కడ ఎలా వస్తాయో మీకు తెలిసిందే. జాతీయ రహదారుల మీద 1033 నెంబరుకు ఫోను చేస్తే సాయం పంపుతారు. ఈ నెంబరు పిల్లలకు కూడా వచ్చేలా చెయ్యండి.

బానెట్టు సందుల్లోంచి ఆవిరి వస్తుంటే అది తగ్గేదాకా బానెట్టు కూడా ఎత్తొద్దు. ఎత్తాక మూత ముట్టొద్దు. కనీసం అరగంట, మన ఎండల్లో అయితే ముప్పావు గంట ఆగాలి. మూత మీద, పక్కనున్న లావు రబ్బరు పైపు మీద చెయ్యి దగ్గరగా పెడితే వేడి తగలకూడదు. ఈలోగా పులిహోర పొట్లాలు విప్పండి, టైము తెలియదు. ఇంకో సంగతి. ఇంజను ఆగినా రేడియేటరు వెనక ఫ్యాను దానంతటదే గిర్రున తిరగడం మొదలెట్టొచ్చు. చీరకొంగు, చున్నీ, జడ, పిల్లల వేళ్లు ఆ దరిదాపులకు పోకూడదు. ఇది మగవాళ్ల పుస్తకాల్లో రాయరు.

బాగా చల్లారాక మందపాటి తడిబట్ట వేసి, ముఖం పక్కకు తిప్పుకుని, మూత కొంచెం మాత్రమే తిప్పి ఆగాలి. ఇంకా బుస్సుమంటే వదిలేసి మళ్లీ ఆగాలి. చప్పుడు లేకుంటేనే పూర్తిగా తియ్యాలి. కొత్త కార్లలో చాలావాటికి పక్కనే ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. మూత తియ్యక్కరలేకుండా బయటి నుంచే నీటి మట్టం కనబడుతుంది. కానీ ఆ డబ్బాకే ఒత్తిడి మూత ఉన్న కార్లూ ఉన్నాయి. ప్లాస్టిక్కే కదా అని మోసపోకండి.

తాతగారు అంబాసిడరు మూతకు తడి గోనెపట్టా చుట్టి, వేడిగా ఉండగానే తిప్పేసేవారని ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది. కథ వినడానికి బాగుంటుంది. బొబ్బలెక్కిన చేతుల కథలు మాత్రం ఎవరూ చెప్పుకోరు.

చల్లటి నీళ్లు గబగబా పొయ్యడం కూడా తప్పే. వేడివేడి గాజు గ్లాసులో చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో ఇంజను లోహానికీ అదే జరగొచ్చు. కొంచెం కొంచెంగా పొయ్యాలి. తాగే నీళ్ల సీసా అయినా ఆ పూటకు ఫరవాలేదు. పోసిన నీళ్లు కిందికి కారిపోతున్నా, స్టార్టు చేశాక ముల్లు మళ్లీ లేచినా ఇక నడపకూడదు, లాగించుకు పోవాల్సిందే.

ఇంత చెప్పినా ఎవరికైనా కాలిందే అనుకోండి. కాలిన చోట వెంటనే మామూలు నీళ్లు ధారగా 20 నిమిషాలు పోస్తూ ఉండాలి. ఐసు పెట్టకూడదు. ఉంగరం, గాజులు, వాచీ వాపు రాకముందే తీసెయ్యాలి. బట్ట చర్మానికి అంటుకుంటే పీకకూడదు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, నెయ్యి ఏవీ వద్దు. డాక్టరు వాటన్నిటినీ కడగాల్సి వస్తుంది, ఆ నొప్పి వేరే. ముఖానికో కళ్లకో తగిలితే నీళ్లు పోస్తూనే 108కి ఫోను చెయ్యండి. అందుకే మే నెలలో కారులో అయిదు లీటర్ల నీళ్ల డబ్బా ఒకటి వేసుకుని బయల్దేరండి. ఇంజనుకు అక్కరకొచ్చినా రాకపోయినా మనుషులకు వస్తుంది.

ఎండ సంగతి అలా ఉంచితే, మన నెల్లూరు జిల్లాలో హీటరుకు ఇంకో మంచి ఉపయోగం ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. తెల్లారుజామున నలుగురు ఎక్కి తలుపులేసుకోగానే ముందు అద్దం లోపలివైపు మంచు పట్టినట్టు మసకబారుతుంది. అందరూ చేత్తో తుడుస్తారు, తుడిచిన చోట మరకలు. ఏసీ వేసి, వేడి వైపు కాస్త తిప్పి, గాలి అద్దానికి తగిలేలా పెట్టి, బయటి గాలి లోపలికి వచ్చే మీట తెరవండి. ఏసీ గాలిలోని తడిని పిండేస్తుంది, వేడి అద్దాన్ని ఆరబెడుతుంది. రెండు నిమిషాల్లో దారి కనబడుతుంది.

చలిదేశాల్లో ఉన్న మన పిల్లలకు మాత్రం హీటరు గురించి ఇంకో మాట చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచు తుపానుకు రోజుల తరబడి కరెంటు పోయింది. మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్న రాష్ట్రమో మీకు తెలుసు. అప్పుడు ఇల్లు వెచ్చబడక కొందరు గ్యారేజీలో కారు స్టార్టు చేసి హీటరు వేసుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరి ప్రాణాలే పోయాయి. దానికి రంగూ వాసనా ఉండవు, తలనొప్పి, నిద్రమత్తు తప్ప హెచ్చరిక ఉండదు. గ్యారేజీ తలుపు మూసి ఇంజను నడపకూడదు. కారు మంచులో ఇరుక్కుంటే ముందు సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తీసి, ఆ తరవాతే హీటరు వెయ్యాలి. ఫోనులో ఏం వండుకున్నావమ్మా అని అడిగేటప్పుడు ఇది కూడా చెప్పండి.

అది అమెరికా సంగతి అనుకోనక్కరలేదు. పెళ్లికి వచ్చిన బండిలో డ్రైవరు అద్దాలు బిగించి ఏసీ వేసుకుని నిద్రపోవడం మన దగ్గరా ఉంది. సైలెన్సరు గొట్టానికి చిల్లుంటే ఆ గ్యాసు కిందినుంచి లోపలికి వస్తుంది. అతన్ని పిలిచి మంటపంలో ఒక చాప ఇవ్వండి.

ఇంజను ఆపిన కారు కూడా ఎండలో ఊరుకోదు. అద్దాలు మూసి పెడితే అరగంటలో బయటి కంటే సుమారు 18 డిగ్రీలు ఎక్కువవుతుంది. మన మే నెల 42 డిగ్రీలకు అది కలిపి చూసుకోండి. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల దగ్గర దామరగిద్దలో ఇద్దరు ఆడపిల్లలు, అదే ఏడాది మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆగివున్న కార్లలోకి ఆడుకుంటూ ఎక్కి, బయటికి రాలేక ప్రాణాలు వదిలారు. ఇంటి ముందున్న కార్లే కదా, ఎవరు అనుకుంటారు? కారు ఎప్పుడూ లాకు చేసి, తాళం చెవి పిల్లలకు అందని మేకుకు తగిలించండి. హారను ఎలా కొట్టాలో చిన్నపిల్లలకు ఒకసారి నేర్పండి. పిల్ల కనబడకపోతే బావి తరవాత చూడాల్సింది కారే.

మళ్లీ నీళ్ల దగ్గరికి వద్దాం. మా తీరప్రాంతపు బోరు నీళ్ల సంగతి టీ గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది, తెల్లటి పొర కడుతుంది. అదే పొర రేడియేటరు సన్నని గొట్టాల్లో కడితే వేడి పోదు. మామూలు రోజుల్లో పొయ్యాల్సింది కారు పుస్తకంలో చెప్పిన కూలెంటు, లేదా డిస్టిల్డ్ వాటరుతో కలిపింది. కూలెంటు తుప్పు పట్టనివ్వదు, మరిగే డిగ్రీని ఇంకా పెంచుతుంది. ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగులు కంపెనీల ఇష్టం, రంగు కలిసిందని రెండు రకాలు కలపకండి.

మిగిలిన కూలెంటు ఎక్కడ పెడుతున్నారు? కూల్‌డ్రింకు సీసాలో పోసి వంటింటి షెల్ఫు కింద పెట్టేవాళ్లు ఉన్నారు. అందులో ఎక్కువగా ఉండేది ఇథిలిన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, కిడ్నీలు తీసేస్తుంది. 2022లో గాంబియా దేశంలో పిల్లల దగ్గుమందుల్లో దొరికిన విషపదార్థాల్లో ఇదీ ఒకటి. తియ్యదనానికి కుక్కలూ నాకుతాయి. వాకిట్లో కారిన చుక్కలు కడిగి, దాని డబ్బాలోనే ఉంచి, ఎత్తున పెట్టండి.

వేసవి సెలవుల్లో ఎక్కువమంది వెళ్లేది కొండకే కాబట్టి ఆ దారి సంగతి కూడా. నాయుడుపేట దగ్గర మలుపు తిరిగి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి చేరేసరికి ఇంజను బాగా వేడెక్కి ఉంటుంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వేశారు. ఇప్పుడు ఎక్కేది రెండో దాని మీద, దిగేది మొదటి దాని మీద. నిండు కారుతో, డిక్కీ నిండా సామానుతో, ఏసీతో ఎక్కితే చిన్న కారుకు ఆయాసమే. అలిపిరికి ముందు ఎక్కడైనా ఆగి కాస్త చల్లారనిచ్చి, ఏసీ ఆపి, చిన్న గేరులో నెమ్మదిగా ఎక్కండి. చెట్ల గాలి బాగానే ఉంటుంది. దిగేటప్పుడు వేడెక్కేవి బ్రేకులు, అప్పుడూ చిన్న గేరే.

బయల్దేరే రోజు కాఫీ డికాక్షను దిగేలోపు చెయ్యగలిగిన పని ఒకటుంది. రాత్రంతా ఆగి ఉన్న కారు బానెట్టు ఎత్తి, ప్లాస్టిక్ డబ్బాలో నీరు మిన్, మ్యాక్స్ అనే రెండు గీతల మధ్య ఉందా చూడండి. కారు కింద నేల తడిగా ఉందా చూడండి. ఏసీ నీళ్లయితే వాసన లేకుండా తేటగా ఉంటాయి. రంగుగా, జిడ్డుగా ఉంటే ప్రయాణం రెండు గంటలు ఆలస్యమైనా మెకానిక్కును పిలవండి. పులిహోర ఎలాగూ సాయంత్రం దాకా చెడదు.